చెరువు పెద్దగుంటే చాలదు, తూము సుత పెద్దగుండాలె

వాది కబీర్, మస్కట్
జులై 14

తమ్మీ,

నువ్వు, బాపు, అవ్వ, పిల్లలు అందరు మంచిగున్నరనుకుంట. నేను బాగనే ఉన్న. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండల పని చేయించద్దని చట్టం. మా యార్డు పని ఆ మూడు గంటలు బందుంటది. రూముల కూసొని, నీ జీపుకు ఏ బ్యాటరీ ఎక్కించాలెనో ఇది రాస్తున్న. ఫోన్ల చెప్తే సగం ముచ్చట సిగ్నల్లనే పోతది. కాగితం మీదుంటే జీపుల పెట్టుకుంటవు, హన్మకొండ పోయినప్పుడు దుకాణపాయనకు చూపెడతవు.

మొన్న వాగు ఒడ్డుకు రెగడిల దిగబడ్డ ట్రాక్టరును గుంజుతుంటే నీ జీపు వించి, అదే తాడు చుట్టుకుంట గుంజే కరెంటు మోటరు, సగంల ఆగిపోయిందన్నవు. తర్వాత జీపు సుత సెల్ఫ్ అందుకోలేదన్నవు. పైన ఎక్కడనో వాన పడ్తున్నది, వాగు రంగు మారుతున్నదని మామూలుగనే చెప్పినవు గాని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2023 జులై 27 నీకు యాదికుంటది. లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. జంపన్నవాగు కొండాయి మీదికొచ్చింది, మోరంచపల్లి నీళ్ళల్లకు పోయింది. మన దిక్కు మనుషులు పోయిండ్రు. ఆ పొద్దు నేను ఇక్కడ ఫోన్ పట్టుకొని నిలబడ్డ, మీ నంబరు కలుస్తలేదు. ఆ తర్వాతనే నువ్వు జీపుకు వించి పెట్టిచ్చినవు. ఎవరు పిలిస్తే వాళ్ళ కాడికి పోతున్నవని అవ్వ చెప్పింది. పోవద్దని నేను అనను. పోయినకాడ బండి నీ చెయ్యి ఇడువద్దు, గంతే.

ఇగ బ్యాటరీ ముచ్చట. ఎవరో ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కించుకో, 150 యాంపియర్ అవర్లు ఉంటది, ఎంత గుంజినా ఒడువదు అన్నరన్నవు. ఆ పని జేయకు. ఎందుకొద్దంటున్ననో మన చెరువుల లెక్కన చెప్తా. లక్నవరం చెరువుల నీళ్ళు ఎన్నున్నయన్నది ఒక లెక్క. తూము ఎంత వెడల్పు, ఒక్క గడియల ఎన్ని నీళ్ళు ఇడుస్తదన్నది వేరే లెక్క. యాంపియర్ అవర్ అంటే చెరువుల నీళ్ళు. సీసీఏ అని ఇంకో అంకె డబ్బా మీద ఉంటది, అది తూము. ఇన్వర్టర్ బ్యాటరీ పెద్ద చెరువే, తూము మాత్రం సన్నం. లోపట గొట్టాల తీరు మందపు ప్లేట్లుంటయి. ఫ్యాను, లైట్లు రాత్రంతా నడిపెటందుకు అది పుట్టింది. ఒక్కసారి 400 యాంపియర్లు ఇయ్యమంటే దాని వోల్టేజి కూలబడ్తది. పైగ 50 కిలోల పైనే బరువు, నిలువెత్తు డబ్బా, గతుకుల్ల లోపటి ప్లేట్లు ఇరుగుతయి.

సీసీఏ లెక్క అసలు చలిదేశాలది. సున్నాకు 18 డిగ్రీలు దిగువ చలిల, 30 సెకన్లు, 7.2 వోల్టుల కిందికి పడకుండ ఎన్ని యాంపియర్లు ఇస్తదన్నది ఆ అంకె. మనకు ఆ చలి లేదు, అయినా తూము వెడల్పు తెల్సుకోవాలంటే దాన్నే చూడాలె. వించి కంపెనీల పుస్తకాల్ల 650 కి తక్కువ వద్దని రాస్తరు. నువ్వు 700 దాటింది దొరికితే అది తీస్కో.

నీ వించి 9500 పౌండ్లు గుంజేది, అంటే సుమారు 4300 కిలోలు. ఉత్తగ తాడు చుట్టుకున్నప్పుడు 60, 80 యాంపియర్లు తింటది. ట్రాక్టరు బురదల గట్టిగ పట్టుకొని ఉన్నప్పుడు 400 దాటుతది. నీ పాత డైనమో మస్తు ఇస్తే 60, 70 ఇస్తదనుకో. మిగిలిన 330 బ్యాటరీ నుంచే పోవాలె. ఒక్క నిమిషానికి అయిదున్నర యాంపియర్ అవర్లు. 70 యాంపియర్ అవర్ బ్యాటరీ 12 నిమిషాలు వస్తదని కాగితం మీద లెక్క వస్తది గాని, నిజంగ రాదు. ఆ 70 అన్నది 20 గంటలు మెల్లగ తీస్తే వచ్చేది. గింత జోరుగ గుంజితే అండ్ల సగం సుత చేతికి రాదు. నాలుగైదు నిమిషాలకే వోల్టేజి పడ్తది, మోటరు వేడెక్కుతది, సొలినాయిడ్, అదే మోటరుకు కరెంటు ఇడిచే స్విచ్చి, టకటక కొట్టుకుంటది. ఒక్కోసారి దాని పాయింట్లు అతుక్కపోతయి. అట్ల అతుక్కుంటే బటన్ ఇడిచినా వించి ఆగది తమ్మీ, తాడు గుంజుతనే ఉంటది. నాకు అన్నిటికన్న భయం అదే.

పోయిన నెల మా ఉస్తాద్ ఒక చచ్చిపోయిన బ్యాటరీ కోసి చూపెట్టిండు. ఆసిడ్ ఒంపి, మంచిగ కడిగి, పైమూత రంపంతో కోసిండు. జబల్ అఖ్దర్ దిక్కు తిరిగే బండిది. ఆ కొండ మీదికి ఫోర్ బై ఫోర్ బండి ఉంటేనే పోలీసులు కింద చెక్‌పోస్టు కాడ ఇడుస్తరు. రెండేండ్లు సుత కాలేదు ఆ బ్యాటరీకి. అడుగున వేలెడు మందం బూడిదరంగు బురద ఉన్నది, చెరువు ఎండినంక మిగిలే ఒండ్రు లెక్క. అదంతా ప్లేట్ల మీదికెళ్ళి రాలిన పిండి. ఆ బురద పేరుకొని ప్లస్ ప్లేటుకు, మైనస్ ప్లేటుకు కింద అంటుకున్నది, ఆ సెల్ గాడనే షార్టయింది. ఉస్తాద్ బండి కాడికి తీస్కపోయి బ్యాటరీ ట్రే చూపెట్టిండు. బిగించే కొక్కేనికి నట్టు లేదు. సైకిల్ ట్యూబు ముక్కతోటి కట్టి ఉన్నది. అట్ల కడితే ప్రతి గతుకుకు బ్యాటరీ ఎగిరి పడ్తది.

నీ జీపు ఫోటో చూసిన. నువ్వు సుత ట్యూబుతోనే కట్టినవు. బ్యాటరీ కొనకముందే ఇనుప పట్టీ చేయించు, రెండు పక్కల కొక్కేలు, కింద రబ్బరు షీటు. చేతితోటి ఊపితే ఇంచు గూడ కదలొద్దు. ఎక్కువ బిగిస్తే డబ్బా పగుల్తది, అది సుత చూసుకో.

చలికాలం బ్యాటరీ పోయిందని అందరు అంటరు గాని, దాన్ని చంపేది ఎండకాలం. బయటపడేది చలికాలం. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం తగ్గుతదని లెక్క. ఇక్కడ మస్కట్ల రెండెండకాలాలు దాటిన బ్యాటరీ చూస్తే మేము మెచ్చుకుంటం. మన రామగుండం దిక్కు సుత 45 దాటుతది గదా. నీ జీపుల బ్యాటరీ సైలెన్సర్ పైపు పక్కకే ఉన్నది. మధ్యల ఒక రేకు పెట్టు, బ్యాటరీకి అంటకుండ రెండు వేళ్ళు దూరం. పది రూపాయల పని, ఆయుష్షు పెంచుతది.

ఇగ ఏది కొనాలె. నా మనసుల ఏజీఎం అనే రకం బ్యాటరీ ఉన్నది. అండ్ల ఆసిడ్ కదిలేటట్టు ఉండది. ప్లేట్ల నడుమ గాజునూలు చాప లెక్క ఉంటది, ఆసిడ్ అంతా ఆ చాపనే పీల్చుకొని పట్టుకుంటది. ప్లేట్లు ఒత్తుకొని ఉంటయి కాబట్టి పిండి రాలుడు తక్కువ. బండి వాగు గట్టున పక్కకు ఒరిగినా ఆసిడ్ కారది. తూము సుత వెడల్పు. సిగ్నల్ కాడ ఇంజన్ దానంతటదే ఆగి మళ్ళ అందుకునే స్టార్ట్ స్టాప్ కార్లు వచ్చినంక మన దేశంల సుత ఈ రకం దొరుకుతున్నది. ధర ఎక్కువే, దాని సంగతి కింద చెప్తా.

కాని ఏజీఎంకు ఒక్క గుణం ఉన్నది, ఎక్కువ చార్జింగ్ తట్టుకోది. లోపట తడి ఆరిపోతే నీళ్ళు పోద్దామన్నా మూత ఉండది. అందుకే ముందుగాల నీ డైనమో చూపెట్టుకో. ఇంజన్ స్టార్ట్ చేసి, జర రేసింగ్ ఇచ్చి, బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టు. 14 నుంచి 14.5 వోల్టుల మధ్యల వస్తే కండ్లు మూసుకొని ఏజీఎం తీస్కో. 14.8 దాటితే చార్జింగును హద్దుల ఉంచే రెగ్యులేటరు పోయినట్టు, అది మార్చకుండ ఏజీఎం పెడితే పైసలు నిప్పుల పోసినట్టే. 13.5 కాడనే ఆగితే అది సుత మంచిది కాదు, బ్యాటరీ ఎన్నడు నిండది. రెగ్యులేటరు ఇప్పట్ల మార్చలేననుకుంటే ఈఎఫ్‌బీ అని ఒక రకం ఉన్నది, అది తీస్కో. ఆసిడ్ బ్యాటరీనే, ప్లేట్ల మీద పిండి రాలకుండ సన్నటి బట్ట తొడుగుంటది. మామూలు దానికన్న గట్టిది, ఏజీఎం కన్న అగ్గువ.

లిథియంది వీడియో పంపినవు. తేలికుంటది, నిజమే. గాని లోపట ఒక బోర్డుంటది, దాని హద్దు 100, 150 యాంపియర్లే అయితే వించి 400 అడిగినప్పుడు టక్కున కట్ చేస్తది. ఇంజన్ పక్క వేడి సుత దానికి పడది. నీకొద్దు.

దుకాణంల ఏం చూడాలెనంటే, తయారైన నెల. మూడు నెలల లోపల్ది అయితేనే తీస్కో. మీటరు పెట్టమను, 12.6 రావాలె. 12.4 కింద ఉంటే అది షెల్ఫ్ మీదనే నీరసపడ్డది, ఎంత తగ్గించి ఇచ్చినా ఇంకోటి తెమ్మను. వారంటీ ఎన్ని నెలలని చూసి మురవకు, వించి బిగించిన బండికి వారంటీ ఇస్తరా ఇయ్యరా ముందే అడిగి బిల్లు మీద రాయించుకో. పాత బ్యాటరీ ఆ దుకాణంలనే ఇచ్చెయ్యి, 2022 బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం దాన్ని మళ్ళ కంపెనీలే తీసుకోవాలె. సీసం కరగబెట్టెటోళ్ళకు మాత్రం అమ్మకు. ఆ పొగ, ఆ నీళ్ళు పిల్లల ఒంట్లకు పోతయి.

కేబుల్ మీద పైసలు మిగిలిద్దామని చూడకు. మొన్న వించి ఆగుడుల సగం తప్పు దానిదేనని నా అనుమానం. ఫోటోల ఎర్త్ వైరు చాసిస్‌కు బిగించినట్టు కనపడ్డది. బురద, తుప్పు ఉన్న చాసిస్ మీదికెళ్ళి 400 యాంపియర్లు వాపసు రావాలంటే ఎట్ల. ప్లస్, మైనస్ రెండు సక్కగ బ్యాటరీ టర్మినల్ దాక రావాలె, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. ప్లస్ మీద ఒక కట్‌ఆఫ్ స్విచ్చి పెట్టు, సొలినాయిడ్ అతుక్కుంటే అదే నిన్ను కాపాడుతది. బ్యాటరీ ఇప్పేటప్పుడు ముందు ఎర్త్ ఇప్పు, బిగించేటప్పుడు ఎర్త్ ఆఖరికి బిగించు. ఇది ఎన్నడు మర్చిపోకు. చార్జింగ్ అయ్యేటప్పుడు దాని నుంచి మండే గ్యాస్ వస్తది, పానా జారి ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. టర్మినల్స్ మీద పచ్చగ, తెల్లగ పొక్కితే వేడినీళ్ళల్ల తినే సోడా కలిపి కడిగి, వ్యాజలిన్ రాయి.

ఇగ గుంజేటప్పుడు. ఇంజన్ ఎన్నడు బందు చేయకు, జర రేసింగ్ మీదనే ఉంచు. ఒక నిమిషం గుంజు, రెండు మూడు నిమిషాలు ఆగు. మోటరు మీద చెయ్యి పెట్టి చూడు, చెయ్యి ఆగకుంటే నువ్వు సుత ఆగు. తాడు ఎక్కువ ఇప్పితే వించికి బలం ఎక్కువ, డ్రమ్ము మీద వరసలు పెరిగిన కొద్ది బలం తగ్గుతది. అట్లని మొత్తం ఇప్పకు, వైరు రోపు అయిదు చుట్లన్న డ్రమ్ము మీద ఉండాలె. ట్రాక్టరు బరువుదైతే బాయి గిరక అసుంటిది దొరుకుతది, స్నాచ్ బ్లాక్ అంటరు. దాన్ని ట్రాక్టరుకు కట్టి, తాడును దాని చుట్టు తిప్పి మళ్ళ జీపుకే బిగిస్తే వించి మీద భారం సగమైతది, యాంపియర్లు సుత గట్లనే తగ్గుతయి. పని ఆలస్యమైతది, కాని బ్యాటరీ నిలబడ్తది. ఇక్కడ షర్ఖియా ఇసుకల్ల కట్టుకునేటందుకు చెట్టు సుత దొరకది, స్టెప్నీ టైరును ఇసుకల పాతిపెట్టి దానికి కడ్తరు. నీకు ఇప్పచెట్లు, మద్దిచెట్లు ఉన్నయి. చెట్టుకు గొలుసు కట్టకు, వెడల్పు పట్టా కట్టు, లేకుంటే బెరడు కోసుకపోయి చెట్టు చస్తది.

వాగు రంగు మారితే మాత్రం తాడు ఇప్పి వాపసు రా. ట్రాక్టరు మళ్ళ కొనుక్కుంటరు.

పైసలకు నువ్వు ఆలోచించకు. ఈ నెల మీ వదిన అకౌంట్ల వేసినయి కాక, బ్యాటరీకి, కేబుల్‌కు అని వేరేగ పంపుతున్న. బాపు బీపీ గోళీలు తప్పకుండ ఏస్కుంటున్నడా చూడు. బతుకమ్మకు ఇక్కడికెళ్ళి మనూరి దిక్కు ఒకాయన వస్తుండు, ఆయనతోని నీకు క్లాంపు మీటరు పంపుతా. కేబుల్ చుట్టు పెడితే ఎన్ని యాంపియర్లు పోతున్నయో చూపెడతది, వించి ఎప్పుడు ఎంత తింటున్నదో నీ కండ్లతోనే చూస్తవు.

ఇప్పుడు నాకు కావాల్సింది ట్రే కొలతలు. పొడవు, వెడల్పు, నిలబడి చూస్తే ప్లస్ టర్మినల్ ఏ పక్కకున్నది. ఎత్తు కొలిచేటందుకు అవ్వనడిగి జొన్నపిండి ముద్ద తీస్కో. పాత బ్యాటరీ టర్మినల్స్ మీద ప్లాస్టిక్ కవర్ ఏసి, దాని మీద ముద్ద పెట్టి, బానెట్ మెల్లగ మూసి మళ్ళ తెరువు. ముద్ద ఎంత మందం మిగిలిందో స్కేలు పెట్టి ఫోటో తీసి పంపు. దాన్ని బట్టి కొత్తది ఎంత ఎత్తుది పడ్తదో నేను చెప్తా.

నీ అన్న