సున్నం లేని గోడలు చూశాను నాన్నా

హో చి మిన్ సిటీ,
సెప్టెంబరు 14

అమ్మకీ నాన్నకీ నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. అమ్మా, ఈ ఉత్తరం నువ్వే చదివి నాన్నకి వినిపించు. అక్క చేతికివ్వకు, అది సగం మింగేసి తనకి నచ్చిందే చదువుతుంది. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను ఇస్తే నాన్న "తిన్నావా? ఆ, సరే, ఉంటా" అని మళ్ళీ నీ చేతిలో పెట్టేస్తాడు. ఈసారి చెప్పేది రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. పైగా తాపీ పట్టిన నాన్నకి తప్ప మన ఊళ్ళో ఇంకెవరికీ అర్థమయ్యేదీ కాదు.

ఫ్యాక్టరీలో పని మామూలే. షూ అడుగుభాగం అతుకు సరిగ్గా ఉందా లేదా చూడటం, లేకపోతే పక్కన పెట్టడం. కొత్త మేనేజరు వచ్చాడు, పాతాయన కంటే నయం. అంతే.

చవితికి పూజ చేశావా అని అడిగావు కదమ్మా. చేశాను. పత్రి దొరకలేదు. తులసి ఒక్కటే, అదీ ఇక్కడివాళ్ళు కూరలో వేసుకునే తులసి. ఉండ్రాళ్ళు బియ్యం రవ్వతో చేశాను, గుండ్రంగా రాలేదు. తిన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సెప్టెంబరు 2 ఇక్కడ జాతీయ దినం, సెలవు. మా వాళ్ళు నలుగురు కలిసి దా నాంగ్ వెళ్దామన్నారు, విమానంలో గంటన్నర కూడా పట్టదు. వాళ్ళకి కావలసింది బీచ్. నాకు బీచ్‌లో ఏం పనుంది? అక్కడికి డెబ్బై కిలోమీటర్లలో మై సన్ అని పాత శివాలయాలున్నాయని విన్నాను. అందరితో పాటు బస్సులో పోయే టూర్‌కి డబ్బు కట్టాను. తెల్లారి అయిదింటికి హోటల్ ముందు నిలబడితే బస్సు రాలేదు. వాళ్ళు వెనక గేటు దగ్గరికి వచ్చి, రెండు నిమిషాలు చూసి, పోయారట. డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు. గొడవ పెట్టుకునే భాష నాకు రాదు. హోటల్లో అమ్మాయి జాలిపడి, కారూ గైడూ నీ ఒక్కడికే మాట్లాడి పెడతానంది. పదిహేను లక్షలు.

అమ్మా, గుండె మీద చెయ్యి వేసుకోకు. పదిహేను లక్షల డాంగ్‌లు. మన డబ్బుల్లో అయిదు వేలు. అయినా ఎక్కువేనంటావు. ఎక్కువే. కానీ నేను ఈ ఊరు వచ్చి రెండేళ్ళయింది, నా కోసం ఒకేసారి అంత ఖర్చుపెట్టడం ఇదే మొదలు. నెల డబ్బు ఎప్పటిలాగే పంపాను, అందులో ఒక్క రూపాయి తగ్గలేదు. అక్క ఏమన్నా అంటే ఈ మాట చెప్పు.

గైడ్ చిన్న పిల్ల, మన చిన్నోడి వయసు ఉంటుంది. వాళ్ళ తాత ఆ కొండల కింద గేదెలు కాసేవాడట. గేటు దగ్గర కారు ఆపేసి, అక్కడి నుంచి బ్యాటరీ బండిలో అడవిలోకి తీసుకెళ్ళారు. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి లోయ. మై సన్ అంటే అందమైన కొండ అని అర్థమట. డెబ్బైకి పైగా గుళ్ళు ఉండేవి, ఇప్పుడు ఇరవై దాకా మిగిలాయి. వియత్నాం వాళ్ళు కట్టినవి కావు. వీళ్ళ కంటే ముందు ఈ తీరమంతా చంపా అనే రాజ్యం. నాలుగో శతాబ్దం చివర్లో భద్రవర్మ అనే రాజు ఇక్కడ లింగం పెట్టి, తన పేరు కలిపి భద్రేశ్వరుడు అన్నాడు. మన చాళుక్య భీముడి పేరు మీద సామర్లకోటలో భీమేశ్వరుడు ఉన్నట్టే. ఆ గుడి కాలిపోయింది. తర్వాత శంభువర్మ మళ్ళీ కట్టి తన పేరు కూడా కలిపి శంభుభద్రేశ్వరుడు అన్నాడు. రాజులకి పేర్ల పిచ్చి ఎక్కడైనా ఒకటే.

గుళ్ళకి మాత్రం ఇప్పుడు పేర్లు లేవు. వందేళ్ళ కిందట పార్మాంతియే అనే ఫ్రెంచాయన ఏ, బి, సి అని గుంపులు పెట్టి, వాటికి నంబర్లు వేశాడు. ఇప్పటికీ బి5, సి1 అనే పిలుస్తున్నారు. శివుడి గుడికి రేషన్ షాపు నంబరు!

నాన్నా, ఇక్కడి నుంచి నీకు.

అంతా ఇటుక. గుమ్మాలకీ, స్తంభాలకీ, పీఠాలకీ రాయి వాడారు గానీ గోడలు, గోపురం మొత్తం ఎర్ర ఇటుక. బి5 అనే దాని ముందు నిలబడ్డాను. పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది, పూజ సామాను దాచే గది అట. నేను కప్పు చూడలేదు, సందు చూశాను. సందు లేదు. ఇటుక మీద ఇటుక కూర్చుంది, మధ్యలో మాలు లేదు. సిమెంటు లేదు, సున్నం లేదు, మట్టి కూడా కనబడదు. వరసకీ వరసకీ మధ్య పెన్సిల్‌తో గీసినంత గీత. బొటనవేలి గోరు పెట్టి చూశాను, గోరు దిగలేదు. ఆ పిల్ల "ముట్టుకోకండి సార్" అంది. తప్పే. కానీ నీ కొడుకుని కదా, చెయ్యి ఆగలేదు.

చేజర్ల తీసుకెళ్ళినప్పుడు నువ్వు కపోతేశ్వరుడికి దణ్ణం పెట్టకముందే గోడ వెనక్కి పోయి, గచ్చు ఊడిన చోట ఇటుక మీద తట్టి చెవి పెట్టావు. అమ్మ తిట్టింది. "కాలింది బాగా కాలింది" అన్నావు నువ్వు. అప్పుడు నాకు పదేళ్ళు. నీకు గుర్తుందో లేదో, నాకు అక్కడ నిలబడితే ఆ మాటే వినబడింది.

ఇంకోటి చెప్తాను. గోడల మీద బొమ్మలున్నాయి, దణ్ణం పెడుతూ నిలబడ్డ దేవతలు, తీగలు, ఆకులు. బొమ్మని విడిగా చేసి అతికించలేదు, గోడ కట్టేశాక దాని మీదే చెక్కారు. ఒకడి ముక్కు ఒక ఇటుక మీద ఉంటే మూతి కింది ఇటుక మీద ఉంది. వరసల గీతలు మొహం మీంచి అడ్డంగా పోయాయి. ఉలి దెబ్బకి ఒక్క అంచు లేవలేదు. మన ఇటుక మీద ఉలి పెడితే ఏమవుతుందో నీకు తెలుసు.

ఎలా కట్టారని అడిగాను. రకరకాలుగా చెబుతారంది. పచ్చి ఇటుకలతో గోపురం మొత్తం లేపి, చుట్టూ కట్టెలు పేర్చి ఒకేసారి కాల్చారని కొందరు అంటారట. నువ్వుంటే నవ్వేవాడివి. బట్టీలోనే నడిమి ఇటుక పచ్చిగా దిగుతుంది, ఇంత మందం గోడ లోపలికి సెగ ఎట్లా పోతుంది? రెండు ఇటుకల్ని నీళ్ళు పోసి ఒకదాని మీద ఒకటి రుద్ది, నున్నగా అయ్యాక కూర్చోబెట్టారని ఇంకో మాట. నాకు అది నిజమనిపించింది. మధ్యలో జిగురు కూడా వాడారు. దావ్ రాయ్ అనే చెట్టు ఉంది ఇక్కడ, దాని మాను గంటు పెట్టి నూనెలాంటి జిగురు తీస్తారు, పడవలకి పూస్తారు. ఇటలీ వాళ్ళు వచ్చి పరీక్ష చేస్తే పాత సందుల్లో చెట్టు జిగురు కనబడిందట. జి గుంపు గుళ్ళని వాళ్ళు ఆ జిగురు వాడే బాగుచేశారు.

గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం పోసేవాళ్ళని తాత సంగతి చెప్పేవాడివి కదా. వీళ్ళది అసలు సున్నమే లేని లెక్క.

ఒక చోట పాత గోడా, ఈ మధ్య కొత్త ఇటుకతో పూర్తిచేసిన గోడా పక్కపక్కనే ఉన్నాయి. కొత్తదానికి పచ్చగా నాచు పట్టింది, తెల్లగా ఉప్పు పొంగింది. వెయ్యేళ్ళది శుభ్రంగా ఎర్రగా ఉంది. ఎందుకు నాన్నా? మట్టిలో తేడానా, కాల్చడంలోనా? ఆ పిల్లని అడిగితే తెలిసినవాళ్ళే ఒప్పుకోరు ఒకళ్ళ మాట ఒకళ్ళు అంది. నువ్వు చెప్పు.

లోపల గర్భగుడి చిన్నది, నలుగురు నిలబడితే నిండిపోతుంది. కిటికీ లేదు. తల ఎత్తి చూస్తే ఒక్కో వరసా కొంచెం కొంచెం లోపలికి జరుపుకుంటూ పైదాకా పోయారు. దూలం లేదు. కింద సెంట్రింగ్ పెట్టారో లేదో తెలీదు. ఒకే ఒక్కడు, తడిసిన ఇటుక వాసనలో అలా మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ ఉండిపోయాను. బస్సు వాళ్ళతో వచ్చుంటే అయిదు నిమిషాలకి విజిల్ వేసేవాళ్ళు. అయిదు వేలు అక్కడే తీరిపోయాయి.

అమ్మా, నువ్వు అడుగుతావని చెప్తున్నా, పూజలు లేవు. బి1 గుడి గోడలు పోయాయి, రాతి పీఠం మీద ఆకాశం కింద లింగం, పానవట్టం ఉన్నాయి. నేను షూ విప్పి చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. ఆ పిల్ల రాళ్ళు గుచ్చుకుంటాయి, షూ ఎందుకు విప్పారు అని కంగారు పడింది. ఏం చెప్పాలో తెలీక, అలవాటు అన్నాను. నువ్వు ఇచ్చిన విభూతి పొట్లం పర్సులోనే ఉంది. తీద్దామనుకున్నాను, కాపలా మనిషి చూస్తున్నాడు, ఊరుకున్నాను.

'ఏ' అనే గుంపు దగ్గరికి వెళ్తే అక్కడ ఏమీ లేదు. ఇటుకల గుట్ట. ఏ1 అనే గుడి అన్నిట్లోకీ పెద్దదట, 24 మీటర్ల ఎత్తు, తూర్పుకొక గుమ్మం, పడమరకొక గుమ్మం. 1969 ఆగస్టులో అమెరికా విమానాలు బాంబులేశాయి, అడవిలో గెరిల్లాలు దాక్కున్నారని. ఒక్క వారంలో పోయింది. పక్కనే గుండ్రటి గుంటలు, గడ్డి మొలిచి మన ఊరి చివర మట్టి తవ్విన గుంటల్లా ఉన్నాయి. చెప్పకపోతే బాంబు గుంటలని తెలీదు. యుద్ధం అయ్యాక కజిక్ అని పోలండ్ ఆర్కిటెక్టు వచ్చి, ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండి, ఉన్న గోడలు పడిపోకుండా నిలబెట్టాడు. 1997లో ఈ దేశంలోనే చనిపోయాడు. హోయ్ ఆన్ ఊళ్ళో ఆయన విగ్రహం పెట్టారు.

ఈమధ్య మనవాళ్ళు కూడా వచ్చారు, భారత పురావస్తు శాఖ వాళ్ళు. ఆ 'ఏ' గుంపులోనే మట్టి తీస్తుంటే 2020లో తొమ్మిదో శతాబ్దపు శివలింగం బయటపడింది, ఒకే రాయి, విరగలేదు. చూశాను. నున్నగా, నిన్న దించినట్టుంది. మీవాళ్ళే తీశారు అని ఆ పిల్ల నన్నే మెచ్చుకున్నట్టు చెప్పింది, నేనూ కాదనలేదు.

ఇది వినండి. ఆ చుట్టుపక్కల నేలంతటికీ చంపా రాజుల కాలంలో పేరేంటో తెలుసా? అమరావతి. నిజం! దగ్గర్లోనే సింహపురం, ఇంద్రపురం. ఇంకా దక్షిణాన పాండురంగ, అది ఊరి పేరే, ఇప్పుడు ఫాన్ రాంగ్ అంటున్నారు. మా ఇంటి నుంచి అమరావతి బస్సులో గంట అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. ఫోన్లో మ్యాప్ తీసి కృష్ణ ఒడ్డున చూపించాను. ఒకసారి మ్యాప్ వంక, ఒకసారి నా వంక చూసి, "అయితే మీరు ఇక్కడివాళ్ళే" అంది. ఇంద్రుడి పట్నం పేరు, ఎవరైనా పెట్టుకోవచ్చు, దాన్నిబట్టి చుట్టరికం కలపకూడదని నాకూ తెలుసు. అయినా ఆ మాటకి గొంతులో ఏదో అడ్డం పడింది. రెండేళ్ళలో ఈ దేశంలో ఒక్కరూ ఆ మాట అనలేదు మరి.

మర్నాడు దా నాంగ్‌లో చామ్ మ్యూజియం చూశాను, 1919 నుంచీ ఉంది. మై సన్ నుంచి తెచ్చిన వినాయకుడున్నాడక్కడ. కూర్చోలేదమ్మా, నిలబడ్డాడు. గిన్నె చేత్తో పట్టుకుని తొండం అందులో పెట్టాడు. చవితి వెళ్ళి వారమైంది, ఈయన ఇంకా తింటున్నాడు.

నాన్నా, అక్క చెప్పింది. మళ్ళీ పనికి పోతున్నావట. "పోవట్లేదు, ఊరికే చూడ్డానికి పోతున్నా" అంటావు. చూడ్డానికి పోయినవాడి చొక్కాకి సిమెంటు ఎందుకు అంటుతుంది? సారవ మీంచి పడి ఏడాది కూడా కాలేదు. కుడి చెయ్యి పూర్తిగా తెరుచుకోవట్లేదని డాక్టరుకి చెప్పుకునే ఓపిక కూడా నీకు లేదు. డబ్బుకి ఇబ్బందైతే నాకు చెప్పు. ఇబ్బంది లేకపోతే, ఇంట్లో కూర్చోలేకపోతే, అది వేరు. కుర్రాళ్ళకి గుండు పట్టి మట్టం చూపించు, కింద నిలబడి తిట్టు, అందులో నీకు లోటు లేదు. సారవ మాత్రం ఎక్కకు. కోపంగా రాశాననుకోకు. దూరంగా ఉన్నవాడికి కోపం తప్ప ఏం చేతవుతుంది?

నేను సంక్రాంతికి రాలేను. ముందే చెప్తున్నాను, అమ్మ పక్కింటివాళ్ళకి చెప్పేసుకోకముందే. ఇక్కడ టెట్ అని వీళ్ళ కొత్త సంవత్సరం వస్తుంది, అప్పుడు ఫ్యాక్టరీ మూసేస్తారు, వారం పైనే. అప్పుడు వస్తాను. అరిసెలు ఉంచు. నేను చిక్కిపోలేదు, ఆ ఫోటో ఎండలో తీసింది. పెరుగు దొరుకుతుంది గానీ తియ్యగా ఉంటుంది, అలవాటైంది. చేపల రసం వాసనకి కూడా అలవాటైంది, ఆ సంగతి మావయ్యకి చెప్పొద్దు.

బావ అడిగిన పవర్ బ్యాంక్ కొన్నాను. చిన్నోడి ఫీజు కట్టిన రసీదు పంపమనండి.

ఉంటాను.

మీ పెద్దోడు

తా.క. నాన్నా, కింద పడున్న ఒక పాత ఇటుకని కాపలా మనిషి అటు తిరిగినప్పుడు జానతో కొలిచాను. పొడవు ఒక జానా నాలుగు వేళ్ళు. మందం మూడు వేళ్ళు. అది నా జాన, నీది నా కంటే పెద్దది. నీ లెక్కన ఎంతవుతుందో చూసి అమ్మతో చెప్పు. ఎడమ చెయ్యైనా సరే.