మన పాత మోటారు సైకిళ్ల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేపట్టిన పనుల్లో ఎక్కువ సమయం తీసుకున్నదీ, మాకు ఎక్కువ తృప్తినిచ్చినదీ సభ్యుల జ్ఞాపకాల సేకరణ. మీకు ప్రాణమైన బండి ఏది, బండి నేర్చుకునే రోజుల్లో ఎలా పడ్డారు అన్న రెండు ప్రశ్నలతో మొదలైన ఈ పని, ప్రతి సమావేశంలోనూ ఒక మోడల్‌ను ఎదుట నిలుపుకుని దాని గురించే మాట్లాడుకునే దాకా వచ్చింది. విన్న అనుభవాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కార్యవర్గానికి ఒక విషయం స్పష్టమైంది. కొత్తవారు పడటానికి దూకుడు కంటే, ఆ బండి తీరు గురించి ముందుగా ఎవరూ విడమరచి చెప్పకపోవడమే ఎక్కువసార్లు కారణమైంది. అందుకే ఈ నివేదికలో ఆ వివరాలకే పెద్దపీట వేస్తున్నాం.

సభ్యులు అన్నిటికంటే ప్రేమగా తలచుకున్నది బుల్లెట్ 350. మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో తయారైన ఈ బండికి దశాబ్దాల పాటు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. మొదటి గేరు పైకి, మిగిలినవి కిందికి. వేరే బండి మీద నేర్చుకుని దీన్నెక్కినవారు కంగారులో బ్రేకు అనుకుని కుడికాలు నొక్కితే, బండి ఆగకపోగా పై గేరులోకి పోయేది. పిట్టగోడకో, కాలువ గట్టుకో తగిలి ఆగిన బుల్లెట్ కథల్లో చాలావాటికి మూలం ఇదే. దీని కిక్కు సంగతి వేరే చెప్పాలి. ఇంజిన్‌లో ఒత్తిడిని వదిలించే డీకంప్రెసర్ లివర్ నొక్కి, కరెంటును చూపే ఆమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును నెమ్మదిగా దించి, పిస్టన్ పైఅంచు దాటాక మాత్రమే గట్టిగా కొట్టాలి. ఈ వరస తెలియక బలం కొద్దీ కొట్టినవారికి కిక్కు ఎదురు తన్ని మడమ, పిక్క వాచిపోయేవి. బుల్లెట్‌కు బలం కంటే ఓపిక ముఖ్యమని మన సీనియర్ సభ్యులు చెప్పే మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

మైసూరులో 1961 నుంచి ఐడియల్ జావా కర్మాగారంలో తయారైన జావా, ఆ తర్వాత 1996లో కర్మాగారం మూతపడేదాకా వచ్చిన యెజ్డీ కొత్తవారిని మరో విధంగా తికమక పెట్టాయి. వీటికి కిక్కు, గేరు రెండూ ఎడమవైపున్న ఒకే లివర్. స్టార్టయ్యాక దాన్ని తిరిగి ముందుకు దించితేనే గేరు పడుతుంది. అది తెలియనివాళ్లు కుడివైపు కిక్కు కోసం వెతకడం, బండి స్టార్టయ్యాక గేరు కోసం గాలిలో కాలు ఆడించడం మామూలుగా జరిగేవి. వీటిని నడిపినవారు మాత్రం ఆ జంట సైలెన్సర్ల శబ్దం గురించి గంటల తరబడి మాట్లాడారు.

మన యువ సభ్యుల తొలి ప్రేమ యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చి 1996 దాకా తయారైన ఈ 98 సీసీ టూ స్ట్రోక్ బండి 11 హార్స్‌పవర్ ఇచ్చేది. బండి తేలిక, లాగుడు ఎక్కువ. క్లచ్ ఒక్కసారిగా వదిలితే బండి ముందుకు ఉరుకుతుంది, ఒళ్లు వెనక్కి తూలుతుంది, హ్యాండిల్ పట్టుకున్న మణికట్టు తనకు తెలియకుండానే యాక్సిలరేటర్‌ను మరింత తిప్పుతుంది. పడినవారిది తప్పని అప్పట్లో అందరూ అన్నారు కాని, ఈ వరస తెలిసిన గురువు పక్కనుంటే వాళ్లు పడేవారే కాదు. అదే 1985లో వచ్చిన, లాగుడు నెమ్మదిగా ఉండే హీరో హోండా సీడీ 100 మీద నేర్చుకున్నవారి దగ్గర ఇలాంటి కథలు తక్కువ.

ఏ బండికైనా చెందే ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. కుడివైపు నుంచి దిగి సైలెన్సర్‌కు పిక్క కాల్చుకోవడం, సైడ్ స్టాండు తీయకుండా బయలుదేరి ఎడమ మలుపులో పడటం, వెనుక కూర్చున్నవారి చున్నీ చక్రంలో చిక్కుకోవడం వాటిలో ముఖ్యమైనవి. కోతల కాలంలో మన పల్లె రోడ్ల మీద ఆరబోసిన వడ్లను కూడా వీటితో చేర్చాలి. వడ్ల మీద బ్రేకు వేస్తే టైరుకు పట్టు దొరకదు. ముందుగానే వేగం తగ్గించి, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటడమొక్కటే మార్గం. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి, పొడి రోడ్డు మీద నేరుగా వెళ్తున్నప్పుడు బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని గబుక్కున కాక క్రమంగా నొక్కడం నేర్పాలి.

ఈ అనుభవాల ఆధారంగానే సెలవు రోజుల్లో మైదానంలో కొత్తవారికి శిక్షణ నిర్వహించాం. పద్దెనిమిదేళ్లు నిండి, లెర్నర్ లైసెన్సు, హెల్మెట్ ఉన్నవారినే అనుమతించాం. ఇంజిన్ ఆపి బండిని నెట్టుకుంటూ ముందు బ్రేకు పరీక్షించడంతో మొదలుపెట్టి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్‌తోనే బండిని కదిలించడం వచ్చాకే గేర్లు నేర్పాం. కుడి గేరు బుల్లెట్‌ను కొత్తవారికి ఇవ్వకూడదన్న నిర్ణయం కొందరు సభ్యులకు నచ్చలేదు. వారి అభిమానాన్ని గౌరవిస్తూనే, ఆ నిర్ణయానికి కట్టుబడి ఉన్నాం.

జమాఖర్చుల పట్టిక ఆడిట్ నివేదికతో పాటు సర్వసభ్య సమావేశంలో మీ ముందుంచుతాం.

చివరగా, యాభై ఏళ్లు దాటిన బండ్లున్న సభ్యులకు ఒక వివరం. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, అసలు రూపం మారని అలాంటి బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత పొడిగింపునకు 5,000 రూపాయలు. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి అవసరాలకు తప్ప రోజువారీ ప్రయాణాలకు రోడ్డెక్కించకూడదు. కాబట్టి తమ జావా మీద నేటికీ బజారుకు వెళ్లే సభ్యులు మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకోవడం మంచిదని కార్యవర్గం అభిప్రాయం. దరఖాస్తులు నింపడంలో సాయం కావలసినవారు ఆర్‌సీ నకలుతో సర్వసభ్య సమావేశానికి రావలసిందిగా కోరుతున్నాం.

కార్యదర్శి