తెరచాప విద్యను ఒడ్డున వదిలేయకండి: మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తమిళనాడు మత్స్యశాఖ మంత్రిగారికి,

నమస్కారం. మాది చెన్నై రాయపురం. దీని తమిళ ప్రతి మీ కార్యాలయానికి పంపుతున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళు కూడా చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను.

మా చేపల రేవు కాశిమేడు ఒడ్డున ఇప్పుడు ఎటు చూసినా ఇంజను పడవలే. 2004 సునామీ తర్వాత సాయంగా ఎక్కువగా ఫైబర్ పడవలే వచ్చాయి. వాటితో బతుకులు నిలబడ్డాయి, కాదనను. కానీ తెరచాప కట్టిన కట్టుమరాన్ని, అంటే దుంగల తెప్పని, నడపగలిగిన చేతులు ఒక్కొక్కటిగా తరిగిపోతున్నాయి.

ఆ విద్య చిన్నది కాదండీ. తేలిక దుంగల్ని చెక్కి తాళ్ళతో బిగిస్తారు. కెరటం మీదికెక్కినా నీళ్ళు సందుల్లోంచి జారిపోతాయి కనక మునగదు. వేట కాగానే తాళ్ళు విప్పి దుంగల్ని ఇసుక మీద ఆరబెడతారు. తెల్లవారుజామున నేల మీంచి వీచే గాలి లోపలికి తీసుకెళ్తే, మధ్యాహ్నం సముద్రపు గాలి ఒడ్డుకు చేరుస్తుంది. డీజిల్ చుక్క అక్కర్లేదు. ఫైబర్ పడవలో కూడా, నడిసముద్రంలో ఇంజను ఆగిపోయిన రోజున, ఒక చిన్న తెరచాపా దాన్ని వాడటం తెలిసిన మనిషీ ఉంటే ప్రాణం దక్కుతుంది.

మా తెలుగువాళ్ళకి తెరచాప పడవలతో పాత బంధం ఉంది. ఆంధ్ర తీరంలోని పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా తమిళనాడులోని మరక్కాణం దాకా సాగే బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని 1877-78 కరువు రోజుల్లో కూలీలు తవ్వారు. ఆ కాలువలోనే శ్రీహరికోట వంటచెరకు ఈ నగరానికి వచ్చేది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఈరోజు నగరంలో ఆ నీళ్ళలో పైనుంచి వెళ్ళే రైలుమార్గం స్తంభాలు నిలబడి ఉన్నాయి.

మ్యూజియంలో ఒక నమూనా పెట్టి సరిపెట్టవద్దని నా మనవి. ముడి ఎంత బిగించాలో, గాలి మారితే తెరచాప ఎప్పుడు తిప్పాలో అద్దాల పెట్టె నేర్పదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలో, మరపడవల కుర్రాళ్ళు ఒడ్డునే ఉంటారు. ఇంజను లేని కట్టుమరాలకి ఆ నిషేధం లేదు. ఆ రోజుల్లో కాశిమేడులోనూ, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడులోనూ పెద్దవాళ్ళకి కూలి కట్టించి వాళ్ళ దగ్గర ఈ కుర్రాళ్ళకి నేర్పించండి. దుంగలు, తాళ్ళు, గుడ్డ ఖర్చు శాఖే భరించాలి. ఆ సరస్సుకి అటువైపు ఆంధ్రలో ఉన్న తడ, సూళ్ళూరుపేట జాలర్లని కూడా పిలవండి. ఆ సరస్సు రెండు రాష్ట్రాలదీ కదా.

కట్టుమరం కట్టడం, నడపడం తెలిసినవాళ్ళు ఏ ఊళ్ళో ఎంతమంది మిగిలారో ముందుగా మీ శాఖ అధికారులతో లెక్క తీయించండి. వచ్చే నిషేధ కాలానికల్లా మొదటి బృందం నీళ్ళలోకి దిగాలి.

ఇట్లు,
రాయపురం నుంచి ఒక తెలుగు పౌరుడు