మంచు మీద మనుషులూ ఉన్నారు

సంపాదకుల వారికి,

ఆర్కిటిక్ వార్త అనగానే ఎలుగుబంటి ఫొటో వేస్తారు. అక్కడి మనుషుల ఊసుండదు. కెనడా ఉత్తరాన ఇన్యుయిట్ అనే మూలవాసుల ఊళ్లకు చలికాలంలో గడ్డకట్టిన సముద్రమే రోడ్డు. వేటకైనా, పక్క ఊరికైనా స్నోమొబైల్ అనే మంచుబండి దాని మీదే పోవాలి.

ఉపగ్రహ చిత్రంలో తెల్లగా ఉన్నంత మాత్రాన ఆ సముద్రపు మంచుగడ్డ బండి బరువు ఆపుతుందని కాదు. ఇరుకు జలసంధుల్లో ప్రవాహం దాన్ని అడుగు నుంచి అరగదీస్తుంది. పైన కురిసిన మంచు దుప్పటిలా చలిని అడ్డుకుని గడ్డను మందం కానివ్వదు, పైగా పగుళ్లను కప్పేస్తుంది. అందుకే వేటగాళ్లు మొనదేలిన పొడవాటి కర్రతో పొడిచి చూసి అడుగేస్తారు.

2009-10లో కెనడా తూర్పు తీరాన లాబ్రడార్‌లోని నైన్ అనే ఇన్యుయిట్ ఊళ్లో చలికాలం వింతగా వెచ్చబడి దారులు నమ్మలేకుండా పోయాయి. ఆ అనుభవం నుంచే గడ్డ మందం కొలిచే ‘స్మార్ట్ఐస్’ సంస్థ పుట్టింది. బండి వెనక లాగే స్లెడ్జిపై విద్యుదయస్కాంత పరికరం ఉంటుంది. అది ఉప్పునీటిలో కరెంటు పుట్టించి నీరెంత కింద ఉందో లెక్కగడుతుంది. ఇక్కడే చిక్కు: వచ్చే అంకె గడ్డదీ, పైమంచుదీ కలిపి. పైమంచు లోతును విడిగా కొలిచి తీసేయకపోతే పలుచని చోటు కూడా గట్టిదిగా కనిపిస్తుంది. గడ్డలో దించి ఒకేచోట ఉంచే ఉష్ణోగ్రత సెన్సర్ల పరికరం (బోయా) మరొకటి; అది ఉన్నచోటి సంగతే చెబుతుంది.

వీటిని నడిపేది స్థానికులే. ఎక్కడ కొలవాలో వారికే తెలుసు. పరికరాలొచ్చినా కర్ర మాత్రం వదల్లేదు, అది సబబే. ఈసారి ఆర్కిటిక్ కథనంలో వీళ్లకూ నాలుగు వాక్యాలు కేటాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు