కీబోర్డు బుక్ చేసుకున్నవాళ్ళకి బరంపురం నుంచి ఒక కబురు

మా షాపులో కీబోర్డుకి అడ్వాన్సు ఇచ్చిన అందరికీ నమస్కారం. దసరాకి చేతికిస్తానని చెప్పాను. దసరాకి కుదరదు. కార్తీక మాసం సగం దాటేలోపు ఇవ్వగలను. ధర కూడా పెరిగింది. 6,500 అన్నది ఇప్పుడు 7,400 అవుతుంది. కారణాలన్నీ కింద రాశాను. చదివాక వద్దనుకున్నవాళ్ళకి అడ్వాన్సు పైసా తగ్గకుండా తిరిగి ఇచ్చేస్తాను. ఎందుకు వద్దన్నారని అడగను కూడా.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్క మాట. మాది నేమ్ బోర్డులు, మెమెంటోలు, ఫోటో ఫ్రేములు చేసే షాపు. అక్రిలిక్ షీటు కోసే లేజర్ మిషను ఉంది కదా అని మెకానికల్ కీబోర్డులు, అంటే ప్రతి కీ కింద విడి స్విచ్ ఉండేవి, మొదలుపెట్టాం. కొనేవాళ్ళలో సగం మంది ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, సగం మంది డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుపని, చేసేవాళ్ళు. మన బరంపురంలో పెళ్ళికార్డు వేయించాలంటే చాలా ఇళ్ళలో తెలుగూ ఉండాలి, ఒడియా కూడా ఉండాలి. రెండూ ఒకే మనిషి, ఒకే కీబోర్డు మీద కొట్టాలి. పర్లాకిమిడిలోనూ ఇంతే, అటు ఇచ్ఛాపురం, పలాసల్లో కూడా ఒడియా పని వస్తూనే ఉంటుంది. ఈ కీబోర్డు ముందుగా వాళ్ళ కోసం చేయాలన్నదే నా పట్టుదల. ఆలస్యమైనా, ధర పెరిగినా ముఖ్యమైన కారణం అదే.

మొదట ప్లేటు సంగతి. స్విచ్‌లన్నీ గుచ్చే పలకని ప్లేటు అంటాం. ఒక్కో స్విచ్‌కి 14 మిల్లీమీటర్ల చదరపు కన్నం కావాలి. ఒక కీ నడిమి నుంచి పక్క కీ నడిమికి 19.05 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ముప్పావు అంగుళం. లెక్క చూస్తే కన్నానికీ కన్నానికీ మధ్య మిగిలేది 5 మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే. కోసిన ప్లేటు చేతిలోకి తీసుకుంటే జల్లెడ పట్టుకున్నట్టే ఉంటుంది. స్విచ్ పక్కల చిన్న కొక్కేలు ఉంటాయి. అవి ప్లేటు అడుగున తగులుకోవాలి. అవి 1.5 మిల్లీమీటర్ల మందానికి లెక్కగట్టి చేసినవి. మా షాపులో ఎక్కువగా వాడే అక్రిలిక్ షీటు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో కొక్కెం తగులుకోదు. బిగుతు మీదే స్విచ్ నిలబడాలి, లేదా గమ్ పెట్టాలి. పోనీ 1.5 మిల్లీమీటర్ల అక్రిలిక్ తీసుకుందామంటే ఆ సన్నపట్టీలు ఒక్కసారి గట్టిగా కీక్యాప్ (కీ మీది తొడుగు) లాగితే పుటుక్కుమంటాయి.

బిగుతు మీద ఆధారపడటం ఎందుకు కష్టమో మిషను దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. లేజర్ కిరణానికి కూడా వెడల్పు ఉంటుంది. అది వెళ్ళిన దారిలో పావు మిల్లీమీటరు దాకా సరుకు ఆవిరైపోతుంది. అందుకని గీసేటప్పుడే కన్నం కొంచెం చిన్నగా గీస్తాం. పైగా కోత నిలువుగా దిగదు. పైన కొంచెం వెడల్పుగా, కింద కొంచెం ఇరుగ్గా వస్తుంది. షీటు మారితే మందం మారుతుంది, మందం మారితే కోత మారుతుంది. నేమ్ బోర్డులో ఎవరికీ కనిపించని ఈ తేడా స్విచ్ దగ్గర బయటపడుతుంది. కొన్ని నెలలు వాడాక క్యాపు లాగితే స్విచ్ కూడా దానితోపాటు ఊడి వస్తుంది.

కాబట్టి ఇకనుంచి ప్లేటు స్టీలుదే. అక్రిలిక్ ప్లేటు కీబోర్డు నేను అమ్మను. కింద లైటు వెలిగితే పలకంతా మెరిసేలా, మొత్తం గాజులా పారదర్శకంగా కావాలని చాలామంది పిల్లలు అడిగారు. చూడ్డానికి నిజంగానే చాలా బాగుంటుంది. కానీ రోజుకి ఎనిమిది గంటలు కొట్టే మనిషి చేతికి అది ఇవ్వడం నాకు ఇష్టం లేదు. లైట్లు కావాలన్నవాళ్ళకి కేసు మాత్రం పారదర్శక అక్రిలిక్‌లోనే ఇస్తాను, పక్కల నుంచి వెలుగు వస్తుంది.

స్టీలు మా మిషను మీద తెగదు. మాది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాని కిరణం 10.6 మైక్రాన్ల తరంగం, రేకు మీద పడితే చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. లోహానికి ఫైబర్ లేజర్ కావాలి, దాని తరంగం ఒక మైక్రాన్ దగ్గర ఉంటుంది. ఆ పని విశాఖలో ఒక జాబ్ వర్కు షాపులో చేయిస్తున్నాను. వాళ్ళు రోజూ పెద్ద పెద్ద షీట్లు కోసేవాళ్ళు. మనవి చిన్న ప్లేట్లు, తక్కువ సంఖ్య. వాళ్ళ మిషను మీద 1.5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ షీటు ఎక్కినప్పుడే మనవి కూడా కలిపి కోస్తారు. ఆలస్యంలో ఎక్కువ భాగం ఇక్కడే. మామూలు ఇనుప రేకు అయితే తొందరగా, చౌకగా దొరుకుతుంది కానీ గోపాలపురం సముద్రం మనకి ఎంత దూరం? మన గాలిలో ఉప్పు ఉంది. మా షాపు షట్టరు చూస్తేనే తెలుస్తుంది. తుప్పు పట్టే ప్లేటు మీద స్విచ్‌లు పెట్టి ఇవ్వలేను.

కొందరు కేసు సన్‌బోర్డుతో చేస్తే చౌక కదా అని అడుగుతున్నారు. సన్‌బోర్డు పీవీసీ. దాన్ని లేజర్‌తో కోస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాయువుగా వస్తుంది. పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులకీ చేటు, మిషను లోపలి ఇనుమంతా తినేస్తుంది. ఎంత డబ్బిచ్చినా మా దగ్గర ఆ పని జరగదు, బయట ఎవరైనా చేస్తామన్నా ఒప్పుకోకండి.

ఇక అక్షరాల దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్, అంటే ఏ కీ మీద ఏ అక్షరమో చెప్పే అమరిక, బ్రాహ్మీ నుంచి పుట్టిన మన దేశపు లిపులకి కలిపి చేసిన పద్ధతి, 1991 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13194లో ఉంది. ఎడమచేతి కింద అచ్చులు, గుణింతాలు. కుడిచేతి కింద హల్లులు. ఇంగ్లీషు కె మీద క, ఎల్ మీద త, జె మీద ర, హెచ్ మీద ప. ఒడియాకి మార్చినా అవే కీలు, అవే ధ్వనులు. కె నొక్కితే ఒడియా క పడుతుంది. అంటే తెలుగులో చేయి కుదిరినవాళ్ళకి ఒడియా టైపింగ్ విడిగా నేర్చుకోవాల్సిన పని దాదాపు ఉండదు. రెండు లిపుల మధ్య బతికే మనలాంటివాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే ఏర్పాటు నేను చూడలేదు. కానీ మార్కెట్లో దొరికే కీబోర్డుల మీద ఈ అక్షరాలు రెండూ కలిపి ఉండవు. అందుకే ఒకే క్యాపు మీద పైన ఇంగ్లీషు, కింద కుడివైపు తెలుగు, ఎడమవైపు ఒడియా వేయిస్తున్నాను.

61 కీల చిన్న కీబోర్డు గీసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. ప్రపంచమంతా వాడే నమూనాలో పైవరస ఎడమ మూల ఎస్కేప్ పెడతారు. పెద్ద కీబోర్డులో 1 అంకెకి ఎడమపక్కన ఉండే బ్యాక్‌టిక్ కీ ఇందులో విడిగా ఉండదు, ఎఫ్‌ఎన్ (Fn) అనే కీ పట్టుకుని నొక్కాలి. ఇంగ్లీషువాళ్ళకి దానితో పెద్దగా పని లేదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో మాత్రం ఆ కీ మీదే ఒ ఉంది. ఉత్తగా నొక్కితే ఒత్వం, షిఫ్టుతో నొక్కితే ఒ. కొత్త, కొడుకు, రొట్టె, పొలం, ఒక, ఒడి ఏది కొట్టాలన్నా అక్కడికే వెళ్ళాలి. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు కాబట్టి ఒడియా మాత్రమే కొట్టేవాళ్ళకి ఈ ఇబ్బంది తెలియదు. తెలుగుకి మాత్రం అది ప్రతి వాక్యంలోనూ వచ్చే కీ. కాబట్టి మా కీబోర్డులో ఎడమ మూల ఒ దే. ఎస్కేప్‌ని క్యాప్స్ లాక్ ఉండే చోటికి తెచ్చాను. ప్రోగ్రాములు రాసే పిల్లలు ఎటూ అక్కడే కావాలంటారు. క్యాప్స్ లాక్ కావాల్సినప్పుడు ఎఫ్‌ఎన్‌తో వస్తుంది. ప్లేటు కోతలో దీనికి ఏ మార్పూ అక్కర్లేదు, లోపలి ప్రోగ్రాములోనే మారుతుంది. అలవాటైన చోటే ఎస్కేప్ కావాలన్నవాళ్ళు ముందే చెప్పండి, పాత పద్ధతిలోనే పెట్టిస్తాను.

ఈ క్యాపుల విషయంలో రంగు మీద నాకు స్వేచ్ఛ లేదు. క్యాపులు పీబీటీ ప్లాస్టిక్. సిరాని వేడితో ప్లాస్టిక్ లోపలికి ఇంకించే పద్ధతిలో అక్షరాలు వేయిస్తున్నాం, అందుకే గోరుతో గీకినా పోవు. కానీ ఆ పద్ధతిలో లేతరంగు మీద ముదురు అక్షరమే పడుతుంది, నల్ల క్యాపు మీద తెల్ల అక్షరం రాదు. నల్లవి అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకి ఇంగ్లీషు అక్షరాలే ఉన్న నల్ల క్యాపులు దొరుకుతాయి, తెలుగు, ఒడియా మాత్రం తెల్లవాటి మీద, బూడిదరంగు వాటి మీదే.

తెలుగుకి అను సాఫ్ట్‌వేర్‌లో ఆపిల్ లేఅవుట్ మీద, ఒడియాకి ఆకృతి సాఫ్ట్‌వేర్ మీద చేయి స్థిరపడిన డీటీపీ అన్నలకి ఈ అక్షరాలు పనికిరావు. మీరు నేర్చుకున్న చోట్లు వేరు. ఇన్నేళ్ళ అలవాటు మార్చుకోండని చెప్పను. ఇంగ్లీషు క్యాపులు తీసుకోండి, 400 తగ్గుతుంది. ఇంకొకటి, కీబోర్డుకి భాష తెలియదు. ఏ కీ నొక్కారో ఆ నంబరు మాత్రమే కంప్యూటరుకి పంపుతుంది, అక్షరం ఏదో విండోస్ నిర్ణయిస్తుంది. కేబుల్ గుచ్చగానే తెలుగు వస్తుందనుకోకండి. సెట్టింగ్స్‌లో తెలుగు, ఒడియా కలుపుకోవాలి. ల్యాప్‌టాప్ తెస్తే మేమే కలిపి ఇస్తాం.

తెలుగు అక్షరం కీ మీద కనబడాలని ఇంత తాపత్రయం దేనికని ఒకరు అడిగారు. మన ఇళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. నానమ్మకి మెసేజ్ పెట్టాలన్నా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. నేర్పేవాళ్ళు, నేర్చుకునే తీరిక తక్కువ. రోజూ వేలు పెట్టే చోట క పక్కన ఒడియా క ఉంటే, తెలిసిన అక్షరం పక్కన తెలియని అక్షరం వాళ్ళంతట వాళ్ళే గుర్తుపడతారు. మా ఇంట్లో అది జరిగింది, కళ్ళారా చూశాను.

లోపలి వైరింగ్ మా చెల్లెలు చేస్తుంది. మాకు విడిగా సర్క్యూట్ బోర్డు లేదు. స్విచ్‌లని 5 వరసలు, 14 నిలువులుగా తీగలతో కలిపి ఆ 19 తీగలనీ రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డుకి టంకం పెడుతుంది. ప్రతి స్విచ్‌కీ కరెంటుని ఒకే వైపుకి పోనిచ్చే డయోడ్ ఒకటి, అంటే కీబోర్డుకి 61. డయోడ్ లేకపోతే మూడు కీలు ఒకేసారి నొక్కినప్పుడు నొక్కని నాలుగోది కూడా పడే ప్రమాదం ఉంది. డయోడ్ మీద నల్లగీత అన్నిటికీ ఒకే దిక్కున ఉండాలి, ఒక్కటి తిరగబడినా ఆ అక్షరం రాదు. ఒక్క కీబోర్డుకి ఒక పూటంతా పడుతుంది. ఆ కూలి ఇప్పటిదాకా చాలా తక్కువ వేశాను. పెరిగిన 900లో 500 స్టీలు ప్లేటుది, మిగతా 400 ఆమె పనిది. దాని మీద బేరం ఆడొద్దని మనవి. టంకం పెట్టిన స్విచ్‌లు కాబట్టి ఇంట్లో మీరే మార్చుకోవడం కుదరదు, స్విచ్ పాడైతే మా దగ్గరికే రావాలి. మొదటి సంవత్సరం ఉచితం.

స్విచ్ రంగు, అంటే రకం, ఇంకా చెప్పనివాళ్ళు ఈ వారంలో చెప్పండి. నీలం టక్కుటక్కుమని గట్టిగా చప్పుడు చేస్తుంది, పక్కన పాప పడుకునే ఇంట్లో వద్దు. రోజంతా కొట్టేవాళ్ళకి నా సలహా బ్రౌన్. కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది కానీ 2 దగ్గరే అక్షరం పడుతుంది, ఆ చోటు వేలికి చిన్నగా తగులుతుంది. అడుగుదాకా గుద్దే అలవాటు తగ్గించుకుంటే వేళ్ళకి హాయి.

ఇప్పటికే మా కీబోర్డు వాడుతున్నవాళ్ళకి ఒక జాగ్రత్త. కేసుని శానిటైజరుతో, స్పిరిట్‌తో తుడవకండి. లేజర్‌తో కోసిన అక్రిలిక్ అంచుల్లో వేడి వల్ల ఒత్తిడి మిగిలి ఉంటుంది. ఆల్కహాలు తగిలితే అక్కడ వెంట్రుకల్లాంటి పగుళ్ళు పుడతాయి, స్క్రూల చుట్టూ మొదలై లోపలికి పాకుతాయి. నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డ చాలు. స్క్రూలు కూడా మరీ బిగించకండి. అక్రిలిక్ ఎండకి స్టీలు కంటే నాలుగు రెట్లు సాగుతుంది, అది కదలడానికని కన్నాలు కొంచెం వదులుగానే పెట్టాం. ఇప్పటికే పగుళ్ళు కనబడుతుంటే కీబోర్డు తీసుకురండి. ఆ ఫ్రేము ఒక్కటే మళ్ళీ కోసి మార్చి ఇస్తాను, షీటు ఖరీదు తప్ప ఇంకేమీ తీసుకోను. మధ్యాహ్నం కరెంటు పోతూ ఉంటుంది కాబట్టి పొద్దున పదకొండులోపు వస్తే మీరు ఉండగానే అయిపోతుంది.