మలేరియా కాదని తేలితే మూత్రం కూడా చూడండి

సంపాదకుడు గారికి,

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. మా పాపకు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళలో ఆరుసార్లు జ్వరం వచ్చింది. ఈ కొండ ప్రాంతంలో పిల్లలకు చలిజ్వరం అంటే ముందు మలేరియానే అనుకుంటాం. అలా అనుకోవడం తప్పు కాదు. ఆశా దీదీ వేలు గుచ్చి కిట్ మీద రక్తపు చుక్క వేసేది. ఆరుసార్లూ ఒకే గీత వచ్చింది, మలేరియా లేదు. పరీక్షలు అక్కడితో సరి. మందుల షాపులో అడిగి మూడు రోజులకు యాంటీబయాటిక్ తెచ్చి వేసేవాళ్ళం. జ్వరం దిగేది, కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేది.

"అమ్మా, ఒంటికెళ్తే మండుతోంది" అని అది చెప్పినప్పుడు నీళ్ళు ఎక్కువ తాగమన్నాను, అంతే. బడిలో బాత్రూమ్‌కి గడియ లేక సాయంత్రం దాకా బిగబట్టుకునేదని తర్వాత తెలిసింది.

చివరికి విశాఖ తీసుకెళ్ళాం. మూత్రాశయంలోంచి మూత్రం వెనక్కి కిడ్నీలోకి ఎగదన్నుతోందట. ఆ మూత్రంలోని ఇన్‌ఫెక్షన్ వల్లే ఈ జ్వరాలట. ఐదు దశల్లో నాలుగోది. ఎడమ కిడ్నీ మీద అప్పటికే మచ్చలు పడ్డాయి. మూత్రనాళాన్ని మూత్రాశయానికి సరిగ్గా అతికే ఆపరేషన్ చెయ్యాలన్నారు. దానికి ముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేదని కల్చర్ పరీక్షలో, అంటే మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో ల్యాబ్‌లో ఉంచి చూసే పరీక్షలో తేలాలి.

ఆ పరీక్ష మా ఊళ్ళో లేదు. పట్టిన మూత్రం రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, లేదంటే చల్లగా ఉంచాలి. ప్రతిసారీ పిల్లని అంతదూరం తిప్పలేక, పోయిన నెల సీసాని స్టీలు క్యారేజీలో ఐసు ముక్కల మధ్య పెట్టుకుని బస్సెక్కాను. దిగేదాకా మూత మీంచి చెయ్యి తియ్యలేదు. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. క్రిమి ఉంది, మామూలుగా ఇచ్చే మందులు చాలావాటికి లొంగడం లేదు. ఆపరేషన్ వాయిదా పడింది. చీటీ లేకుండా కొన్న ఆ మాత్రలన్నీ నాకు గుర్తొచ్చాయి. వాటి అట్ట మీది ఎర్ర గీతకు డాక్టరు చెప్పకుండా వాడొద్దని అర్థమట. నాకు ఎవరూ చెప్పలేదు.

ఆరోగ్య శాఖ వారిని అడిగేది ఒక్కటే. జ్వరంతో వచ్చిన పిల్లకు మలేరియా లేదని తేలి, వేరే కారణం కూడా కనబడకపోతే, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు మూత్రం చూడండి. పట్టీ ముంచి చూసే పరీక్షకు నిమిషాలు చాలు. అనుమానం ఉంటే కల్చర్‌కి పంపండి. ఊరూరా ల్యాబ్ పెట్టమనడం లేదు. టీకాలు ఐసు పెట్టెల్లో కొండల మీది ఊళ్ళకు కూడా చేరుతున్నాయి కదా. శాంపిళ్ళకు విడిగా ఒక పెట్టె, పెద్దాసుపత్రికి రోజూ వెళ్ళే బండి ఒకటి ఉంటే సరిపోతుంది. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలన్న సంగతి తెలుగు తల్లులకు తెలుగులో చెబితే ఇంకా మేలు.

మా పాపకు వచ్చే సోమవారం మళ్ళీ కల్చర్. ఈసారి ముందురోజే వెళ్ళి విశాఖలో ఉంటున్నాం.

ఇట్లు,
ఒక తల్లి,
గజపతి జిల్లా, ఒడిశా