డయాలసిస్ రోగిని నిద్ర గురించి కూడా అడగండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను ఐసీఎఫ్‌ రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరై పెరంబూరులో ఉంటున్నాను. మా ఆవిడకు మూడేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. కిడ్నీ రోగుల గురించి పత్రికల్లో వార్తలు వస్తూనే ఉంటాయి. మెషిన్లు చాలడం లేదని, ఫలానా చోట కొత్త కేంద్రం తెరిచారని, అవయవదానం పెరగాలని. అవన్నీ రావలసిన వార్తలే. కానీ ఈ మూడేళ్లలో మా ఇంట్లో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించిన విషయం గురించి నేను ఎక్కడా చదవలేదు. అది రాత్రి నిద్ర.

అన్నం తిని పడుకున్న అరగంటకు మొదలయ్యేది. "ఏమండీ, కాళ్లు పీకుతున్నాయి" అని లేచి కూర్చునేది. నొప్పా అంటే నొప్పి కాదు. తిమ్మిరా అంటే తిమ్మిరీ కాదు. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, కాలు కదపకపోతే ప్రాణం ఆగనట్టు ఉండేదట. లేచి హాల్లో అటూ ఇటూ తిరిగితే తగ్గేది, మళ్లీ పక్క మీదికి చేరితే మళ్లీ మొదలు. నేను కాళ్లు పట్టేవాణ్ని, తడిగుడ్డ చుట్టేవాణ్ని. ఏ రెండింటికో మూడింటికో కన్ను మూతపడేది. నాలుగింటికి అలారం. మాకిచ్చింది పొద్దున ఆరు గంటల షిఫ్టు.

ఈ బాధకు ఒక పేరుందని మాకు ఏడాదిన్నర పాటు తెలియదు. దానికి కారణం కొంత భాష. మా ఆవిడది నెల్లూరు జిల్లా. చెన్నైలో ముప్పై ఏళ్లున్నా ఆమెకు వచ్చిన తమిళం కూరగాయల బండి దగ్గరికి సరిపోయేంతే. డాక్టరు అడిగితే "కాల్ వలి" అనేది, అంటే కాలు నొప్పి. అంతకంటే దగ్గరి మాట ఆమెకు తెలియదు. నొప్పి అన్నాక నొప్పి మాత్రే రాస్తారు, అందులో వాళ్ల తప్పు లేదు. ఒకసారి "తూక్కం వరలై" అని కూడా చెప్పింది. నిద్ర రావడం లేదన్నందుకు నిద్రమాత్ర వచ్చింది. ఆ మాత్ర మొదలుపెట్టిన నాలుగో రాత్రి బాత్రూమ్ గడప దగ్గర పడిపోయింది. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉన్న చెయ్యి కింద పడకపోవడం మా అదృష్టం.

చివరికి దారి చూపించింది డయాలసిస్ యూనిట్‌లో కొత్తగా చేరిన ఒక నర్సమ్మ. చిత్తూరు వైపు అమ్మాయి. సూదులు పెడుతూ తెలుగులో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "అమ్మా, కాలు నొప్పా, లేక కాలు ఊరికే ఉండనివ్వదా?" మా ఆవిడ ఏడ్చేసింది. ఏడాదిన్నరగా ఆమె చెప్పాలనుకున్నది అదే. ఆ నర్సు వెళ్లి డాక్టరుకు చెప్పింది. ఆయన వచ్చి, నడిస్తే తగ్గుతుందా, రాత్రిపూటే ఎక్కువా అని అడిగి, దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారని, డయాలసిస్ వాళ్లలో చాలామందికి ఉంటుందని చెప్పారు. రక్తపరీక్షలో ఐరన్ తక్కువగా ఉందని తేలితే మెషిన్ మీద ఉండగానే ఎక్కించారు. వాంతులకు రోజూ వేసుకుంటున్న మెటోక్లోప్రమైడ్ మాత్ర ఈ బాధను పెంచుతుందని దాన్ని మార్చారు. దురదకు, జలుబుకు ఇచ్చే కొన్ని మత్తు మాత్రలు కూడా పెంచుతాయట. మేము అవి మందుల షాపులో అడిగి కొనుక్కుని వేసుకునేవాళ్లం! సాయంత్రం కాఫీ మానిపించారు.

పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఇప్పుడు వారంలో నాలుగైదు రాత్రులు నిద్రపోతోంది. నేనూ నిద్రపోతున్నాను.

అప్పటి నుంచి వెయిటింగ్ హాల్లో కూర్చున్నప్పుడల్లా తోటివాళ్లను అడుగుతున్నాను. సూళ్లూరుపేట నుంచి రైల్లో వచ్చే ఒకాయన రాత్రంతా గురక పెడతాడని, మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తాడని భార్య చెప్పింది. ఆమె దాన్ని అలసట అనుకుంటోంది. డయాలసిస్ వాళ్ల ఒంట్లో పగలంతా కాళ్లలో చేరిన నీరు పడుకోగానే పైకి, మెడ వైపు జరుగుతుందని, దానివల్ల గొంతు దారి ఇరుకై నిద్రలో ఊపిరి ఆగుతుందని మా డాక్టరు తర్వాత నాకు వివరించారు. ఉప్పు ఎక్కువైతే దాహం, దాహానికి నీళ్లు, ఆ నీళ్లు రాత్రి గొంతు దగ్గర అడ్డం. ఆవకాయ తినొద్దంటే అందరం బీపీ కోసమే అనుకుంటాం. నిద్ర కోసం కూడా అని ఎవరైనా చెబితే ఇంకొంచెం గట్టిగా మానేస్తారేమో. ఇంకో ఆమె చేతుల నిండా గీరుకున్న మచ్చలు. రాత్రిళ్లు దురద. ఆమె ఆ సంగతి డాక్టరుకు చెప్పనే లేదు. "ప్రాణం నిలబెడుతున్నారు, దురద గురించి కూడా చెప్పాలా అన్నా" అంది. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. ఆ దురదకు మందులున్నాయి. డయాలసిస్ అయ్యాక కొద్ది మోతాదులో గాబాపెంటిన్ ఇస్తే చాలామందికి తగ్గుతుంది. ఆమె అడగాలి, లేదా ఆమెను ఎవరైనా అడగాలి.

ఇదంతా మా ఒక్క హాలు కథ అనుకోకండి. ఏడు దేశాల్లోని 308 డయాలసిస్ కేంద్రాల్లో 11,351 మందిని పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో 49 శాతం మంది తమ నిద్ర బాగా లేదన్నారు. అలా అన్నవాళ్లలో మరణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ఇది సుఖం గురించిన మాట కాదు. నిద్రమాత్ర రాసిస్తే తీరేదీ కాదు. అమెరికాలో 126 మంది డయాలసిస్ రోగుల మీద జరిపి 2024లో వెల్లడించిన పరీక్షలో, నిద్ర కోసం విరివిగా రాసే ట్రాజొడోన్ మాత్ర, పోలిక కోసం ఇచ్చిన మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువేమీ పని చేయలేదు. పైగా ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో గుండెకు సంబంధించిన తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయి. నిద్ర ఎందుకు పోయిందో వెతకకుండా నిద్రను తెప్పించాలని చూడటం వల్ల మా ఆవిడ గడప దగ్గర పడిందని నేను నమ్ముతున్నాను.

షిఫ్టు సంగతి కూడా చెప్పాలి. ఆరు గంటల షిఫ్టుకు నాలుగింటికి లేచిన మనిషి మెషిన్ మీద మూడు గంటలు నిద్రపోతుంది. ఇంటికొచ్చి నీరసంతో మళ్లీ పడుకుంటుంది. ఇక రాత్రి నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? మేము బతిమాలుకుంటే ఎనిమిది నెలలకు పదకొండు గంటల షిఫ్టు దొరికింది. మెషిన్లు తక్కువ, రోగులు ఎక్కువ, అందరికీ పగటి షిఫ్టు ఇవ్వలేరని నాకు తెలుసు. కానీ రాత్రి నిద్ర అసలే లేనివాళ్లకు, దూరం నుంచి వచ్చేవాళ్లకు ముందు అవకాశం ఇవ్వొచ్చు. తాడ, నాయుడుపేట, గూడూరు నుంచి చెన్నైకి వచ్చేవాళ్లు ఆరు గంటల షిఫ్టుకు ముందురోజు రాత్రే వచ్చి స్టేషన్‌లో కూర్చుంటున్నారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలుపెట్టి జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచితంగా చేయిస్తోంది. తమిళనాడులో 2021 ఆగస్టులో మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకంలో ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవాళ్లకు అందుకు కావలసిన ద్రవం బ్యాగులు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. అంత పెద్ద పనులు చేసినవాళ్లకు నేను కోరేది చాలా చిన్నది. డయాలసిస్ యూనిట్లలో నెలకోసారి హిమోగ్లోబిన్, ఫాస్ఫరస్, పొటాషియం చూసి షీటులో రాస్తారు. ఆ షీటులో నిద్రకు ఒక గడి పెట్టండి. నర్సు నాలుగు ప్రశ్నలు అడిగి అందులో రాస్తే చాలు. రాత్రి కాళ్లు ఊరికే ఉండనివ్వవా? దురద నిద్ర లేపుతోందా? గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటున్నారా? పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తోందా? ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరు చూడాలి. ప్రశ్నలు తమిళంతో పాటు తెలుగులోనూ అచ్చు వేయాలి. జనరల్ ఆసుపత్రికీ, స్టాన్లీకీ వచ్చే రోగుల్లో తెలుగువాళ్లు ఎందరో అక్కడి డాక్టర్లకు మనం చెప్పనవసరం లేదు.

కొత్త మెషిన్ అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. షీటులో ఒక గడి, నర్సుకు రెండు నిమిషాలు.

తమిళనాడు ఆరోగ్య శాఖ ఈ పని చేసేలోపు మీరు మాకొక సాయం చేయగలరు. పైన రాసిన నాలుగు ప్రశ్నలను మీ చెన్నై పేజీలో ఒక పక్కన, కత్తిరించుకునేలా పెద్ద అక్షరాల్లో వేయండి. మా హాల్లో కూర్చునేవాళ్లు ముప్పై మంది దాకా ఉంటారు. నేను కాపీలు తీయించి ఒక్కొక్కరి ఫైల్లో పెడతాను. గీరుకుని మచ్చలు పడిన చేతులున్న ఆమె ఫైల్లో ముందు పెడతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై